శివ, శివతర, శివతమ

మా అవ్వ రాత్రిపూట పాము అనే మాట పలికేది కాదు. “దొడ్లో పురుగు కనపడింది, బ్యాటరీ లైటు తీస్కపోండి” అనేది. బియ్యం అయిపోతే నిండుకున్నాయనేది. దీపం ఆరితే కొండెక్కిందనేది. హిందూపురం నుంచి వచ్చి బెంగళూరు బసవనగుడిలో కాపురం పెట్టి ఏళ్ళు గడిచాక కూడా, పడుకునే ముందు “ఆ ట్యూబులైటు కొండెక్కించండ్రా” అని మాకు పురమాయించేది. మేం పడీపడీ నవ్వేవాళ్ళం. రుద్రుడి విషయంలో వేదకాలపు ఋషులదీ ఇదే వరస అని చాలా ఏళ్ళ తర్వాత గాని నాకు తెలియలేదు.

కార్తీకమాసం ఆఖరి సోమవారం మా బసవనగుడిలో కడలెకాయి పరిషె, అంటే శెనక్కాయల జాతర, జరుగుతుంది. దొడ్డ బసవన్న గుడి చుట్టూ రోడ్ల పొడవునా శెనక్కాయల రాశులు పోస్తారు. ఒక ఏడాది పరిషెలో పొట్లం చేతబట్టుకుని కాయలు ఒలుచుకుంటూ నడుస్తుంటే, ఎక్కడి మైకులోంచో శ్రీరుద్రం వినపడింది. చిన్నప్పటి నుంచీ చెవిన పడుతున్నదే. ఆ రోజెందుకో ఒక ముక్క దగ్గర ఆగిపోయాను. “యా త ఇషుశ్శివతమా శివం బభూవ తే ధనుః.” నీ బాణం శివతమం, నీ విల్లు శివం. విల్లు శివుడు కావడమేమిటి?

ఇక్కడే ఉంది కిటుకు. సంస్కృతంలో తర, తమ అనేవి విశేషణాలకు తగిలించే తోకలు. లఘు, లఘుతర, లఘుతమ. ప్రియ, ప్రియతమ. పేర్లకు ఇవి మామూలుగా అతకవు. రాముడికంటే రామతరుడంటూ ఎవడూ ఉండడు. కానీ యజుర్వేదానికి చెందిన తైత్తిరీయ సంహిత 4వ కాండలోని శ్రీరుద్రం “నమశ్శివాయ చ శివతరాయ చ” అంటుంది. శివుడికీ, ఇంకా ఎక్కువ శివుడికీ నమస్కారం! అంటే ఆ మంత్రం కూర్చిన నాటికి శివ అన్నది గుణాన్ని చెప్పే మాట: మంచి, చల్లని, మేలు చేసే. ఋగ్వేదంలో ఇంద్రుణ్ణీ శివుడన్నారు, అగ్నినీ శివుడన్నారు. మన వాడుకలో చెప్పాలంటే “చల్లని తండ్రి” వంటిదన్న మాట.

దేవుడి అసలు పేరు రుద్రుడు. ఆయనంటే ఋషులకు ఎంత భయమో ఋగ్వేదం 2వ మండలంలోని 33వ సూక్తం చదివితే తెలుస్తుంది. మా నమస్కారాలతో నీకు కోపం తెప్పించకుందుము గాక అని అందులో వేడుకుంటారు. దండం పెట్టడంలో తేడా వచ్చినా కోపం వస్తుందేమోనన్న బెదురు చూడండి! (ఆ మంత్రంలోనే రుద్రుణ్ణి వృషభమా అని పిలుస్తారు. వృషభం ప్రాకృతంలో వసహ అయింది, కన్నడ, తెలుగు నోళ్ళలో బసవ అయింది. మా పేటకు పేరిచ్చిన బసవన్న, గుళ్ళోని నంది, ఆ మాటే.) ఐతరేయ బ్రాహ్మణం (బ్రాహ్మణాలంటే యజ్ఞాల సంగతులు వివరించే వేద గ్రంథాలు) ఇంకో అడుగు ముందుకు వేసి, ఆ సూక్తం చదివేటప్పుడు రుద్ర అనే చోట రుద్రియ అని మార్చి పలకమంటుంది, ఆ పేరు నోట రాకుండా. కథ చెప్పేటప్పుడు కూడా “ఈ దేవుడు” అంటుందే గాని పేరెత్తదు. అవ్వ పురుగు అన్నట్టే.

భయపెట్టేదాన్ని మంచి పేరుతో, లేదా చుట్టుతిప్పి పిలవడం చాలా జాతుల్లో ఉంది. మశూచిని మనం అమ్మవారన్నాం. గ్రీకులు తమ పగదేవతలను దయగలవారు అని పిలిచారు. రష్యన్లు ఎలుగుబంటిని మెద్వేద్ అంటారు. విడదీస్తే మన మధు, అద అనే ముక్కలకు చుట్టాలు వస్తాయి: తేనె తినేది. ఎలుగుబంటికి ఉండిన పాత పేరు అడవిలో పలికీ పలక్క చివరికి ఆ భాషలో మాసిపోయింది. రుద్రుడి పేరు మాత్రం మాసిపోలేదు. పక్కన చేరిన విశేషణం పెరిగి పెద్దదై అదే పేరుగా నిలిచింది. క్రీ.పూ. 2వ శతాబ్దంలో పతంజలి రాసిన వ్యాకరణ గ్రంథం మహాభాష్యం శివభాగవతులనూ (శివభక్తులనూ), శివుడి ప్రతిమలనూ ప్రస్తావించే నాటికి అది పూర్తిగా పేరే.

ఇంతకీ రుద్ర అంటే? వేదంలోని మాటల పుట్టుక వివరించే నిరుక్తంలో యాస్కుడు ఒకటికి మూడు వ్యుత్పత్తులు ఇచ్చాడు: అరిచేవాడు, అరుస్తూ పరుగెత్తేవాడు, ఏడిపించేవాడు. ఒకే పేరుకు మూడు పుట్టుకలు ఎలా కుదురుతాయని ఇప్పటి భాషావేత్తలు అడుగుతారు. యాస్కుడికి ఆ ఇబ్బంది లేదు. దేవుడు ఏమేం చేస్తాడో అవన్నీ ఆ పేరులో వినపడితే ఆయనకు చాలు. శతపథ బ్రాహ్మణం ఇంకా ముచ్చటైన కథ చెబుతుంది. పుట్టిన పిల్లవాడు ఏడుస్తాడు. ఎందుకురా అని ప్రజాపతి అడిగితే, నాకు పేరు లేదు, పేరు పెట్టు అంటాడు. ఏడ్చావు గనక రుద్రుడివి అన్నాడాయన. నేను అంతకంటే గొప్పవాణ్ణి, ఇంకో పేరు పెట్టు అంటాడు పిల్లవాడు. అలా రుద్ర, సర్వ, పశుపతి, ఉగ్ర, అశని, భవ, మహాన్ దేవ, ఈశాన అని ఎనిమిది పేర్లు రాబట్టుకున్నాడు. అంగట్లో బొమ్మ బొమ్మకీ మారాం చేసే పిల్లవాడే గుర్తొస్తాడు నాకు. శివ మాత్రం ఆ ఎనిమిదింటిలో లేదు.

ఎర్రగా మారడాన్ని తమిళంలో సివ అంటారు కదా, శివుడు అందులోంచి వచ్చాడేమో అని కొందరు వాదించారు. వినడానికి బాగుంది, కానీ బెంగళూరును కట్టించిన కెంపేగౌడ పేరే దీనికి అడ్డం వస్తుంది. కెంపు అంటే ఎరుపు. తెలుగు చెవి కన్నడంలో కివి, మన చెరువు వాళ్ళకు కెరె, చెందామరలోని చెం వాళ్ళకు కెం. మూల ద్రావిడంలో ఉన్న క-కారాన్ని కన్నడం కాపాడుకుంది. తెలుగూ తమిళమూ ఇ, ఎ అచ్చుల ముందు దాన్ని మెత్తబరిచాయి. కాబట్టి తమిళ సివకు కూడా మొదట్లో క-కారమే ఉండాలి. ఆ మెత్తబడడం ఋగ్వేదానికి చాలా తర్వాతి సంగతి అని పండితుల లెక్క. అప్పు ఇవ్వాల్సిన మాట అప్పటికి ఆ రూపంలో పుట్టనే లేదు. ఇంకోవైపు, శివ అన్న మాటకు లాటిన్‌లో పౌరుడు అనే అర్థమున్న కీవిస్ దూరపు బంధువని చాలామంది భాషావేత్తలు అంటారు. మనవాడు, ఆప్తుడు అన్న భావం రెంటికీ మూలం. సిటీ బస్సులోని సిటీ ఆ కీవిస్ వంశంలోదే.

బెంగళూరులోనే ఇంకో పేట మల్లేశ్వరంలో ఉన్న కాడు మల్లేశ్వరుడి గుడికి వెళ్తే ఇంకో బంధుత్వం బయటపడుతుంది. ఆయన మల్లికార్జునుడు, మన శ్రీశైలం మల్లన్న పేరే. మల్లిక అంటే మల్లె. అర్జున అంటే తెలుపు. తెల్లని బెరడున్న తెల్లమద్ది చెట్టును సంస్కృతంలో అర్జునమనడం అందుకే. మెరుపు, తెలుపు చెప్పే ఆ పాత ధాతువులోంచే సంస్కృతంలో వెండికి రజతమనీ, లాటిన్‌లో అర్జెంటుం అనీ పేర్లు వచ్చాయి. రసాయన శాస్త్రంలో వెండికి ఏజీ అని రాస్తాం, ఆ రెండక్షరాలు అర్జెంటుం లోవే. శివుడుండే కైలాసం రజతగిరి, వెండికొండ. పదో తరగతిలో ఆవర్తన పట్టిక బట్టీ పెడుతున్నప్పుడు ఈ సంగతి ఎవరైనా చెప్పి ఉంటే, వెండి గుర్తు కోసం నేను అంతగా తడుముకునేవాణ్ణి కాదు.

మొన్న దసరాకు మా తమ్ముడి కూతురికి అక్షరాభ్యాసం చేశాం. బడిలో ఎలాగూ కన్నడం, ఇంగ్లీషు నేర్పుతారు గనక ఇంట్లో తెలుగుతో మొదలుపెడదామని పళ్ళెంలో బియ్యం పోసి, పాప వేలు పట్టుకుని దిద్దించారు: ఓం నమః శివాయ సిద్ధం నమః. రుద్రుడి కోపం చల్లార్చడానికి వాడిన విశేషణం అలా పిల్లల తొలి రాతలోకి వచ్చి చేరింది. మనం చదువులో తొలి మెట్టును ఓనమాలు అంటామే, ఆ ఓ, న, మః ఇవే. పాప మూడో అక్షరం దగ్గర బియ్యం నోట్లో వేసుకుంది. “అయిపోతాయే, ఇంక చాలు” అని మా తమ్ముడు అనబోతే, పక్కనే కూర్చున్న మా అమ్మ కసిరింది: “అయిపోతాయి అనకూడదురా, నిండుకుంటాయి అను.”