సముద్ర తాబేళ్ల గురించి నేను రోజూ వినే అపోహలు

జనవరి నుంచి ఏప్రిల్ దాకా నాకు తెల్లవారేది మూడింటికే. విశాఖ, భీమిలి మధ్య ఇసుకలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ల గూళ్లు వెతకడం, గుడ్లను కంచె వేసి పొదిగించే హేచరీకి చేర్చడం, పిల్లలు బయటికొచ్చాక సముద్రంలోకి వదలడం నా పని. పిల్లల్ని వదిలే సాయంత్రం జనం బాగా వస్తారు. వాళ్లు అడిగేవాటిలో, ఒకరికొకరు చెప్పుకునేవాటిలో సగం అపోహలే.

అపోహ: గుడ్లు పెట్టేటప్పుడు తల్లి నొప్పికి ఏడుస్తుంది.

ఏడవదు. ఒంట్లో ఎక్కువైన ఉప్పును కళ్ల దగ్గరుండే గ్రంథులు అలా బయటికి తోసేస్తాయి. నీళ్లలో ఉన్నప్పుడూ ఆ కన్నీళ్లు కారుతూనే ఉంటాయి, మనకు కనిపించవంతే.

అపోహ: గుడ్లు కనిపిస్తే వెంటనే తీసి భద్రం చేయాలి.

ఇది మంచి మనసుతో చేసే తప్పు. తాబేలు పాకిన జాడ ట్రాక్టర్ టైరు అచ్చులా ఉంటుంది. అది ఆగిన చోట సన్నటి కర్రతో మెల్లగా గుచ్చి చూస్తాం. ఒకచోట ఇసుక గట్టిగా అడ్డుకోకుండా కర్ర జారిపోతుంది, గూడు అక్కడే. మూరెడు లోతున కూజా ఆకారంలో గొయ్యి, అందులో వంద, నూట ఇరవై గుడ్లు. చూడ్డానికి పింగ్‌పాంగ్ బంతుల్లా, నొక్కితే సొట్టపడేంత మెత్తగా ఉంటాయి. పెట్టిన కొన్ని గంటలకే లోపలి పిండం పెంకు పైభాగానికి అతుక్కుంటుంది. ఆ తర్వాత గుడ్డును దొర్లించినా, తిరగేసినా పిండం చచ్చిపోతుంది. అందుకే మా తొందరంతా తెల్లవారకముందే. మీకు గూడు కనిపిస్తే ముట్టుకోకండి. కుక్కలు రాకుండా కాపలా ఉండి అటవీ శాఖకు ఫోన్ చేయండి చాలు. తినడానికో అమ్మడానికో తీసినవాళ్ల సంగతంటారా, వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్ కింద మూడు నుంచి ఏడేళ్ల జైలు.

అపోహ: పిల్లల్ని చేత్తో తీసుకెళ్లి నీళ్లలో వేస్తే వాటికి సాయం.

పాకనివ్వాలి. పుట్టిన పిల్ల కడుపులో పచ్చసొన కొంత మిగిలి ఉంటుంది. ఆ బలంతోనే మొదటి రోజు ఆగకుండా ఈదుతూ ఒడ్డుకు దూరంగా వెళ్లిపోవాలి. ఒకాయన నాలుగు పిల్లల్ని బకెట్లో వేసి ఇంటికి పట్టుకెళ్లబోయారు. మనవలు చూశాక పొద్దున్నే తెచ్చి వదిలేస్తారట! రాత్రంతా బకెట్ గోడలకు గుద్దుకుంటూ ఈదితే ఇక సముద్రంలో ఈదడానికి మిగిలేదేముంది? ఫోన్ ఫ్లాష్ కూడా వేయొద్దు. వెలుతురు వైపు పాకడం వాటి స్వభావం. ఇప్పటికే బీచ్ రోడ్డు లైట్లు చూసి వెనక్కి తిరిగి డాంబర్ రోడ్డెక్కేవి ఉంటున్నాయి.

అపోహ: ఒడ్డుకు కొట్టుకొచ్చే తాబేళ్లన్నీ ప్లాస్టిక్ తిని చచ్చినవే.

ప్లాస్టిక్ ముప్పు నిజమే. కానీ ఈ సీజన్‌లో ఒడ్డున నాకు కనిపించేవి చాలావరకు ఒళ్లు బలంగా ఉన్న పెద్ద తాబేళ్లు. జబ్బుపడి చిక్కినవి కావు, మునిగిపోయినవి. తాబేలు సముద్రంలో మునిగిపోవడమేంటని నవ్వుతారు. అది చేప కాదు, పైకొచ్చి గాలి పీల్చాలి. మరపడవలు రొయ్యల వలను గంటల తరబడి అడుగున ఈడుస్తాయి. అందులో చిక్కుకుంటే పైకి రాలేదు.

దీనికి మందుంది. టెడ్ అంటారు. వలలో ఏటవాలుగా బిగించే ఇనుప కమ్మీల చట్రం. రొయ్యలు కమ్మీల మధ్య నుంచి వెనక సంచిలోకి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి పక్కనున్న కంతలోంచి బయటపడుతుంది. మన వలలకు సరిపడేలా కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఒకటి తయారుచేసింది కూడా. అయినా బిగించరు. మరపడవ నడిపే ఓ ముసలి సరంగును అడిగితే, "కూర్మనాథుడు బాబూ అది, చంపాలని మాకుంటాదా? ఆ కంతలోంచి పెద్ద చేప కూడా పోతాది. డీజిల్ డబ్బులు ఎవరిస్తారు?" అన్నాడు. ఆయన మాటలో అబద్ధం లేదు, కొంత చేప పోతుంది. ఆ నష్టం గురించి మాట్లాడకుండా మత్స్యకారులను దోషులుగా నిలబెట్టడం నాకు నచ్చదు.

అపోహ: వేసవిలో వేట నిషేధం ఉందిగా, తాబేళ్లకు అది చాలు.

తేదీలు చూడండి. మన తీరంలో నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. అది చేపలు గుడ్లు పెట్టే కాలం చూసి పెట్టింది. తాబేళ్లు గుడ్లకు ఎక్కువగా వచ్చేది ఫిబ్రవరి, మార్చిలో. తలుపేసేసరికి దొంగ వెళ్లిపోయినట్టే.

అపోహ: వలలో పడి కదలకపోతే చచ్చినట్టే.

పడవల మీద పనిచేసేవాళ్లకు దయచేసి ఇది చెప్పండి. కదలని తాబేలు స్పృహ తప్పి ఉండొచ్చు. వెంటనే నీళ్లలోకి తోసేస్తే నిజంగానే మునిగిపోతుంది. పొట్ట కిందికి ఉండేలా నీడన పెట్టి, వెనక భాగం జానెడు ఎత్తులో ఉంచి, మీద తడి గుడ్డ కప్పాలి. ఊపిరితిత్తుల్లోని నీళ్లు దిగి, కొన్ని గంటలకు కొన్ని లేస్తాయి. ఒక్కోదానికి రోజంతా పట్టొచ్చు.

అపోహ: తీరమంతా చెట్లు నాటితే అన్ని జీవులకూ మంచిదే.

తుఫాను గాలికి సరుగుడు తోటలు అడ్డమే, కాదనను. కానీ అలల దాకా నాటితే వేళ్లు అల్లుకుని తల్లికి గొయ్యి తవ్వే చోటుండదు. తాబేలుకు కావలసిన అడవి ఖాళీ ఇసుకే.

అపోహ: హేచరీలు వేల పిల్లల్ని వదులుతున్నాయి, ఇక ఢోకా లేదు.

వెయ్యి పిల్లల్లో ఒకటి పెద్దదైతే గొప్ప అంటారు. అంటే దాదాపు పది గూళ్లు కాపాడితే ఒక్క పెద్ద తాబేలు. అది గుడ్లు పెట్టే వయసుకు రావడానికి పదేళ్ల పైమాటే. మొన్న మార్చిలో మా హేచరీ కంచెకు రెండొందల అడుగుల దూరంలో ఒక తల్లి కొట్టుకొచ్చింది. డిప్ప మీద ఒక్క గీత లేదు. కోసి చూసిన డాక్టరుగారు లోపల నిండా గుడ్లున్నాయన్నారు. అక్కడే గొయ్యి తీసి పూడ్చాం. ఆ సాయంత్రమే 86 పిల్లల్ని వదిలాం. ఫొటోలు చాలా బాగా వచ్చాయి.