మంగు మచ్చలు: మంట పుడితే మందు పనిచేస్తున్నట్టా?

అపోహ: మంట పుట్టనిదే మచ్చ పోదు.
చర్మ వైద్యం కోసం నా దగ్గరికి వచ్చే వారిలో ఎక్కువ మంది ఈ నమ్మకంతోనే ముఖం కమిలించుకుని వస్తారు. ఒకే రాత్రి గ్లైకాలిక్ యాసిడ్, దాని మీద రెటినాల్, పొద్దున విటమిన్ సి! మన చామనఛాయ చర్మం కందితే రంగు కణాలు మెలనిన్‌ను ఇంకా ఎక్కువ తయారుచేస్తాయి. మొటిమ మానినా నల్ల మచ్చ మిగిలేది అందుకే. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్లారంటే బొబ్బలెక్కి, ఆ చోట కొత్త నలుపు రావచ్చు.

అపోహ: వారంలో తెల్లబరిచిన ట్యూబు మంచిదే కదా!
ట్యూబు తిప్పి చిన్న అక్షరాలు చదవండి. రంగు తగ్గించే హైడ్రోక్వినోన్, రెటినాల్ జాతికి చెందిన ట్రెటినోయిన్, పక్కనే మొమెటసోన్ లాంటి స్టిరాయిడ్ కనిపిస్తాయి. అమెరికాలో క్లిగ్మన్, విల్లిస్ 1975లో ఇలాంటి మిశ్రమాన్నే ప్రతిపాదించారు. మందు చెడ్డది కాదు, మేమూ చీటీలో రాసిస్తాం, కానీ కొన్ని వారాలకే. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని ఆ ట్యూబును పక్కింటివారు చెప్పారని నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, ఎర్రటి రక్తనాళాలు తేలి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. మానేస్తే ముఖమంతా మంట. ఏళ్ల తరబడి హైడ్రోక్వినోన్ వాడితే నీలం కలిసిన నలుపు తేలి, దాన్ని పోగొట్టడం మాకూ గగనమే అవుతుంది.

అపోహ: శాతం ఎంత ఎక్కువైతే అంత మంచిది.
సీరమ్‌లలో ఉండే నియాసినమైడ్ (విటమిన్ బి3 రూపం) మెలనిన్‌ను పైకణాలకు చేరనివ్వకుండా అడ్డుకుంటుంది. 4, 5 శాతం చాలు. 10 శాతమంటే రెట్టింపు ఫలితమేమీ కాదు. గర్భిణులు రెటినాయిడ్లు (రెటినాల్, ట్రెటినోయిన్ లాంటివి) వాడకూడదు. వారికి సాధారణంగా అజెలాయిక్ యాసిడ్ ఇస్తాం. ఏది వాడినా రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. మచ్చ లోపలి పొరలో ఉంటే క్రీములతో పూర్తిగా పోదని ముందే చెబుతాను.

అపోహ: ఇంట్లోనే ఉంటాం, సన్‌స్క్రీన్ ఎందుకు?
కిటికీ అద్దం ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో ఒక రకమైన యూవీఏను పూర్తిగా ఆపదు. కంటికి కనిపించే వెలుగు కూడా మంగును పెంచుతుంది. మామూలు సన్‌స్క్రీన్ ఆ వెలుగును సరిగా ఆపలేదు కనుక ఐరన్ ఆక్సైడ్ కలిసిన, చర్మపు రంగుకు దగ్గరగా ఉండేది తీసుకోండి. రెండు వేళ్ల పొడవునా తీయాలి. శనగగింజంత రాసి పనిచేయలేదనడం అన్యాయం.

అపోహ: మెడ వెనుక నలుపు మురికే.
పీచుతో రుద్దితే ఇంకా ముదురుతుంది. మెడ మడతల్లో మందంగా, మెత్తటి మఖమల్‌లా ఉంటే చాలాసార్లు అది ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడానికి గుర్తు. సీరం కొనేముందు షుగర్ పరీక్ష చేయించుకోండి.