బియ్యం లేని చిత్రాన్నం

షుగరు ఉందని తేలగానే చిత్తూరు, తిరుపతి ఇళ్లలో చాలామంది అన్నం మానేసి రాగిసంగటికి మారతారు. రాగి మంచి ధాన్యమే. 100 గ్రాముల పిండిలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం, 11 గ్రాముల పీచు ఉంటాయి. తెల్లబియ్యంలో ఈ రెండూ చాలా తక్కువ. కానీ పిండిపదార్థం లెక్క తీస్తే బియ్యంలో 78 గ్రాములు, రాగిపిండిలో 67 నుంచి 72. పైగా సంగటిలో బియ్యమో నూకలో పడతాయి. 60 గ్రాముల పిండి, 40 గ్రాముల బియ్యంతో కెలికిన ముద్దలో దాదాపు 70 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. మెత్తగా ఆడించిన పిండి ఉడికితే గ్లూకోజుగా మారడమూ త్వరగానే. అందుకే ధాన్యం మార్చినంత మాత్రాన చాలదు, పళ్లెంలో దాని వాటా తగ్గాలి.

తగ్గించిన చోట ఏం పెట్టాలన్నదే చిక్కు. అందుకు అందరికీ చేతనైన వంట చిత్రాన్నం. బియ్యానికి బదులు కాలీఫ్లవర్ తురుము వేస్తే సరి. ఒకరికి 250 గ్రాముల పువ్వు, 30 గ్రాముల వేయించిన చెనక్కాయ పప్పులు, రెండు టీస్పూన్ల చెనక్కాయ నూనె, అర టీస్పూను ఆవాలు, ఒక టీస్పూను మినపప్పు, రెండు పచ్చిమిరపకాయలు, కరివేపాకు, చిటికెడు పసుపు, అర నిమ్మకాయ కావాలి. మొత్తం పిండిపదార్థం 20 నుంచి 25 గ్రాములే, అందులోనూ ఏడెనిమిది గ్రాములు పీచు. అదే 250 గ్రాముల అన్నమైతే 70 గ్రాములు.

మొదటిసారి చేసినవాళ్లలో ఎక్కువమందికి ఇది ముద్దయిపోతుంది. అన్నంలోనూ నీళ్లు నూటికి 70 పాళ్ల దాకా ఉంటాయి, కానీ ఉడికిన పిండిపదార్థం వాటిని పట్టి ఉంచుతుంది. కాలీఫ్లవర్‌లో 92 పాళ్లు నీళ్లే, పట్టి ఉంచే పిండి లేదు. వేడికి కణాల గోడలు మెత్తబడగానే ఆ నీళ్లన్నీ బాండలిలోకి దిగుతాయి. ఉప్పు ముందే వేస్తే ఇంకా త్వరగా దిగుతాయి. మూత పెడితే ఆవిరి బయటికి పోక మళ్లీ నీరై అందులోనే పడుతుంది.

కాబట్టి పువ్వును రెమ్మలుగా విడదీసి, పురుగులు పోవడానికి పసుపు, ఉప్పు కలిపిన వేడినీళ్లలో రెండు నిమిషాలు ముంచి తీయండి. బట్టమీద పరిచి అరగంట ఆరనివ్వాలి. ఈ అరగంట తప్పించుకోకండి, వంట సగం చెడేది ఇక్కడే. తర్వాత తురిమే పీటకున్న పెద్ద రంధ్రాల వైపు తురమాలి. మిక్సీ అయితే తడిలేని జారులో సగం దాకే వేసి రెండుమూడుసార్లు తిప్పి ఆపండి, నాలుగోసారి తిప్పితే పచ్చడే.

వెడల్పు బాండలిలో నూనె కాగాక ఆవాలు, మినపప్పు, మిర్చి, కరివేపాకు, పసుపు తిరగమాత వేసి, తురుము పోసి, పెద్ద మంటమీద మూడు నాలుగు నిమిషాలు కలుపుతూ వేయించాలి. రెండు వేళ్ల మధ్య నలిపితే పలుకు కొంచెం ఎదురు తిరగాలి. ఇంకా ఉంచితే గంధకం వాసన మొదలవుతుంది. దించే ముందు ఉప్పు, చెనక్కాయ పప్పులు, దించాక నిమ్మరసం. ముగ్గురికి పైగా చేస్తుంటే రెండు వాయిలుగా వేయించండి. బాండలి నిండితే తురుము వేగదు, ఉడుకుతుంది.

ఇందులో మాంసకృత్తులు 13 గ్రాములే. రెండు కోడిగుడ్లు తోడైతే 25 అవుతాయి, ఆకలీ ఆగుతుంది. గుడ్లను పులుసులో వేసుకోవచ్చు. నిమ్మకాయంత చింతపండులో 12 గ్రాముల పిండిపదార్థం ఉన్నా, నలుగురికి పంచితే తలా మూడే. పులుసును పాడుచేసేవి బెల్లం, చిక్కదనానికి వేసే బియ్యప్పిండి. వాటికి బదులు రెండు పెద్ద చెంచాల చెనక్కాయ పొడి వేయండి, కానీ చివరి ఐదు నిమిషాల్లోనే. ముందు వేస్తే అడుగంటుతుంది. చలికాలంలో పితికిపప్పు (నానబెట్టి పొట్టు పితికి తీసిన అనపగింజలు) దొరుకుతుంది కదా అనవచ్చు. ఉడికిన 100 గ్రాముల్లో 20 గ్రాముల పిండిపదార్థం, 8 గ్రాముల మాంసకృత్తులు. అన్నం మానుకుని తింటే మేలే, అన్నంతో తింటే రెండూ కలుస్తాయి.

ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడేవాళ్లు డాక్టరుతో మాట్లాడకుండా ఒక్కసారిగా పిండిపదార్థం తగ్గించకూడదు. మందు మోతాదు పాతదే ఉంటే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగరు మాత్ర వాడేవాళ్లు పిండిపదార్థం బాగా తగ్గిస్తే చక్కెర మామూలుగా ఉన్నట్టు కనిపిస్తున్నా కొవ్వు కరిగేటప్పుడు పుట్టే కీటోన్ ఆమ్లాలు రక్తంలో పెరిగే ముప్పుంది. తొలివారంలో రెండు కిలోలు తగ్గినా అది కొవ్వు అనుకోవద్దు. కాలేయం, కండరాలు దాచుకున్న గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వ ఖర్చవుతుంటే, గ్రాముకు మూడేసి గ్రాముల చొప్పున దాన్ని అంటిపెట్టుకున్న నీళ్లూ పోతాయి.

పొద్దున తీరిక ఉండదనుకుంటే రాత్రే తురిమి, పొడిబట్టలో చుట్టి డబ్బాలో పెడితే ఫ్రిజ్‌లో రెండు రోజులుంటుంది. క్యారియరులో సర్దేవాళ్లు మాత్రం పూర్తిగా చల్లారాకే మూత పెట్టండి.