మామూలు హెచ్‌టీఎంఎల్‌కి కాలం చెల్లిందా? కొన్ని అపోహలు - వాస్తవాలు

పోయిన వారం ఒక సైట్ యజమాని నుంచి మళ్ళీ అదే ఫోను. "మా సైట్ పాత టెక్నాలజీలో ఉందట. ఇంకొన్నాళ్ళకి బ్రౌజర్లలో తెరుచుకోదట. మొత్తం కొత్తగా రాయించాలంటున్నారు, నిజమేనా అండీ?" ఆయన గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. సైట్ చూశాను. వెబ్ పేజీలు రాసే మూల భాష హెచ్‌టీఎంఎల్‌లోనే కట్టిన పన్నెండు పేజీలు, ఒక ఫారం. తెరవగానే వచ్చేస్తోంది. ఫోన్‌లో అక్షరాలు మరీ చిన్నగా కనిపిస్తున్నాయి, అదొక్కటే లోపం. పేజీని తెర వెడల్పుకి సరిపెట్టే వ్యూపోర్ట్ ట్యాగు ఒకటి, పేజీ రూపం దిద్దే సీఎస్ఎస్ నాలుగైదు వరుసలు చేర్చేసరికి అదీ పోయింది.

ఇలాంటి ఫోన్లు నాకు చాలాకాలంగా వస్తున్నాయి. భయపడేవాళ్ళ మీద నాకు కోపం లేదు, వాళ్ళకి ఎలా తెలుస్తుంది? తెలిసి కూడా ఈ పుకారు మోసేవాళ్ళ మీదే కోపం.

అపోహ: ఫ్రేమ్‌వర్క్ (సైట్లు కట్టడానికి ముందే రాసిపెట్టిన కోడ్) లేని సైట్ ఏదో ఒక రోజు ఆగిపోతుంది.

వాస్తవం దీనికి పూర్తిగా తలకిందులు. వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బర్నర్స్-లీ సెర్న్ పరిశోధన కేంద్రంలో తయారుచేసిన మొట్టమొదటి వెబ్‌సైట్‌ని ఈరోజు మీ ఫోన్‌లో తెరిచి చదువుకోవచ్చు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఆ వెబ్ సాఫ్ట్‌వేర్‌ని ప్రజలందరి సొత్తుగా వదిలేసింది. హెచ్‌టీఎంఎల్ ఏ ఒక్క కంపెనీదీ కాదు కాబట్టి దాన్ని మూసేసే అధికారం ఏ కంపెనీకీ లేదు. పైగా కొత్త బ్రౌజర్ పాత పేజీలని చెడగొట్టకూడదన్నది ఈ రంగంలో గట్టి కట్టుబాటు. అక్షరాలని కదిలించే మార్కీ, వాటి రూపం మార్చే ఫాంట్ ట్యాగులు ఇక వాడొద్దని హెచ్‌టీఎంఎల్ స్టాండర్డ్ (అందరూ ఒప్పుకున్న నియమాల పత్రం) మనకి చెబుతుంది. అదే స్టాండర్డ్, వాటిని ఎలా చూపించాలో బ్రౌజర్లకి ఇప్పటికీ వివరంగా రాసి పెడుతుంది.

ఆగిపోయినవి వేరే ఉన్నాయి. వెబ్ పేజీల్లో యానిమేషన్లు, ఆటలు ఆడించే ఫ్లాష్‌ని ఆపేస్తున్నట్టు అడోబీ 2017 జులైలో ప్రకటించింది, 2020 డిసెంబర్ 31తో సపోర్ట్ ముగించింది. 2021 జనవరి 12 నుంచి ప్లేయరే ఫ్లాష్ ఫైళ్ళని ఆడించడం మానేసింది. నేను పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒకరికి సైట్ మొత్తం ఫ్లాష్‌లోనే కట్టిచ్చాను. మెనూ, ఫొటోలు, రాతలు అన్నీ అందులోనే. అప్పట్లో అదే గొప్ప. చివరికి ఆ రాతలు బయటికి తీయాలంటే అసలు ఫైళ్ళు ఎవరి దగ్గరా దొరకలేదు. ఇంకా ఫ్లాష్ నడుస్తున్న ఒక పాత కంప్యూటర్ వెతికి, ఒక్కో పేజీ తెరపై చూస్తూ నేనే మళ్ళీ టైప్ చేశాను. ఆ రాత్రులు నాకు బాగా గుర్తు.

ఫ్లాష్ ఒక కంపెనీ సొంతం, ఫ్రేమ్‌వర్క్‌లు ఓపెన్ సోర్స్ కదా అంటారు. ఆంగ్యులర్‌జేఎస్ అనే ఫ్రేమ్‌వర్క్ కూడా ఓపెన్ సోర్సే. 2021 చివరితో దాని సపోర్ట్ ముగిసింది, దాని మీద కట్టినవాళ్ళలో చాలామంది తిరగరాసుకునే పనిలో పడ్డారు. కోడ్ అందరికీ కనిపించడం వేరు, వేర్వేరు సంస్థలు కూర్చుని ఒప్పుకున్న ఒకే పద్ధతిని అన్ని బ్రౌజర్లూ పాటించడం వేరు. ఓపెన్ సోర్స్, ఓపెన్ స్టాండర్డ్ ఒకటే అనుకోవడం దగ్గరే సగం తప్పులు మొదలవుతున్నాయి.

ఫ్రేమ్‌వర్క్‌లు వద్దనడం లేదు. బ్రౌజర్‌లోనే డిజైన్లు గీసే టూల్, పదిమంది ఒకేసారి దిద్దే డాక్యుమెంట్ లాంటివాటికి నేనూ వాడతాను. పన్నెండు పేజీల సైట్‌కి మాత్రం అవి బరువే.

అపోహ: సింపుల్‌గా ఉంటే పని రానివాళ్ళు కట్టినట్టు ఉంటుంది.

ఒక శిక్షణ సంస్థ దరఖాస్తు ఫారం నా దగ్గరికి వచ్చింది. కంటిచూపు లేని ఒక అభ్యర్థి అన్నీ నింపారు, పంపలేకపోయారు. అక్కడ "పంపండి" అన్నది బటన్ కాదు, బటన్‌లా రంగులద్దిన డివ్ అనే ఉత్త పెట్టె. ట్యాబ్ కీ నొక్కితే దాని మీదికి వెళ్ళదు, తెరమీది రాతలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్ అది బటన్ అని చెప్పదు. క్లిక్ కోసం నలభై వరుసల జావాస్క్రిప్ట్ రాశారు. అదంతా తీసేసి అసలు బటన్ ట్యాగు పెట్టాను. ట్యాబ్, ఎంటర్, స్పేస్ అన్నీ వాటంతటవే పనిచేశాయి. గడువు ముగిసేలోపు ఆయన దరఖాస్తు వెళ్ళింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఏ పెద్ద ప్రాజెక్టుకీ కలగలేదు.

అపోహ: పద్ధతి అందరికీ తెలిస్తే భద్రత ఉండదు.

సమాచారాన్ని రహస్య సంకేతంగా మార్చి పంపుతూ బ్యాంకు సైట్లకి రక్షణగా ఉన్న టీఎల్ఎస్ 1.3 పద్ధతి మొత్తం 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8446 అనే బహిరంగ పత్రంగా అచ్చయింది, ఎవరైనా చదవచ్చు. దాచాల్సింది కీ, పద్ధతి కాదు.

అపోహ: కొత్త ఫ్రేమ్‌వర్క్ నేర్చుకోకపోతే ఉద్యోగం రాదు.

ఇది అడిగే పిల్లల ఆందోళన నాకు అర్థమవుతుంది, ఉద్యోగ ప్రకటనలు అలాగే ఉంటాయి మరి. ఏదో ఒకటి నేర్చుకోండి, తప్పు లేదు. కానీ ముందు పునాది నేర్చుకోండి. 2016 మార్చిలో రాతకి ఎడమవైపు ఖాళీలు చేర్చే లెఫ్ట్-ప్యాడ్ అనే పదకొండు వరుసల ప్యాకేజీని, జావాస్క్రిప్ట్ ప్యాకేజీల భాండాగారమైన ఎన్‌పీఎమ్ నుంచి తీసేస్తే, దాని మీద ఆధారపడ్డ ఎన్నో ప్రాజెక్టుల బిల్డ్‌లు ఆగిపోయాయి. మరుసటి ఏడాదే ఆ పని చేసే ప్యాడ్‌స్టార్ట్ జావాస్క్రిప్ట్ స్టాండర్డ్‌లో చేరింది. పాపప్‌కి వాడే డైలాగ్ ట్యాగు 2022 మార్చి నుంచి ప్రధాన బ్రౌజర్లన్నిటిలో ఉంది. అయినా దానికోసం ఇంకా బయటి కోడ్ లైబ్రరీ ఎక్కించేవాళ్ళని రోజూ చూస్తున్నాను.

"మొత్తం తిరగరాయాలి" అని మీకూ ఎవరైనా చెబితే, ఏ పేజీ ఏ బ్రౌజర్‌లో పనిచేయడం లేదో చూపించమని అడగండి. రేపు వేరేవాళ్ళ దగ్గరికి మారితే మా సమాచారం సీఎస్‌వీలో (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలులో) బయటికి వస్తుందా అని కూడా అడగండి. ఫోన్ చేసినాయన ఈ రెండూ అడిగారు. ఇంతవరకూ జవాబు రాలేదట.