స్నేహితుల ఇళ్ళల్లో, తిరిగిన ఊళ్ళల్లో నేర్చుకున్న రాత్రి వంటలు: అపోహలు - వాస్తవాలు

నేను సాయంత్రాలు మా ఇంట్లోనే వంట నేర్పుతుంటాను. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు, ఏడింటికి ఇల్లు చేరి ఎనిమిదిన్నరకల్లా పిల్లల ముందు కంచం పెట్టాల్సినవాళ్ళు. వాళ్ళకి నేను ఎక్కువగా చూపించేవి ఒడియావాళ్ళ దాల్మా (కూరగాయల పప్పు), మరాఠీవాళ్ళ పిఠ్లా (శనగపిండి కూర), బెంగాలీ చేపల ఝోల్ (పల్చటి చేపల కూర), కేరళ ఇష్టూ (కొబ్బరిపాల కూర). అన్నీ స్నేహితుల ఇళ్ళల్లో, వెళ్ళిన ఊళ్ళల్లో తిని, వాళ్ళ పొయ్యి పక్కన నిలబడి చూసినవే. పేర్లు వినగానే "అమ్మో, అవన్నీ ఆదివారం వంటలండీ" అంటారు. ఆయా ఇళ్ళల్లో అవి ఓపిక లేని రోజున వండుకునేవి. అందుకే పట్టుబట్టి మరీ నేర్పుతాను.

అపోహ: వేరే రాష్ట్రం వంటంటే పెద్ద లిస్టు రాసుకుని సూపర్‌మార్కెట్‌కి వెళ్ళాల్సిందే.

హోటల్ మెనూ చూసి మొదలుపెడితే నిజమే. హోటల్‌వాళ్ళకి ఒకే గ్రేవీ పది కూరలకి పనికిరావాలి, చూడగానే నోరూరాలి, అందుకని జీడిపప్పు ముద్ద, క్రీము, వెన్న అన్నీ పడతాయి. ఇంట్లో ఆ అవసరం లేదు. ఏ ఊళ్ళో అయినా మామూలు రోజు రాత్రి వండేది ఆ చుట్టుపక్కల చవగ్గా దొరికే వాటితోనే.

దాల్మానే తీసుకోండి. కందిపప్పో పెసరపప్పో ఒక కప్పు, పచ్చి బొప్పాయి, అరటికాయ, గుమ్మడికాయ, వంకాయ, చామదుంప, వీటిలో ఏవి ఉంటే అవి. పప్పులో పసుపు, అల్లం, బిర్యానీ ఆకు వేసి కుక్కర్లో రెండు విజిల్స్ రానిచ్చి, మూత తీశాక పెద్ద ముక్కలుగా తరిగిన కూరగాయలు, ఉప్పు వేసి మామూలు మూతతో పదీ పన్నెండు నిమిషాలు ఉడికిస్తే చాలు. ముక్కల్ని కూడా పప్పుతో పాటే విజిల్స్‌కి వదిలేస్తే గుమ్మడి, వంకాయ కనపడకుండా పోతాయి, మిగిలేది ముద్దపప్పే. తాలింపు నేతిలో, పంచ ఫుటణతో. అంటే ఆవాలు, జీలకర్ర, మెంతులు, సోంపు, కలోంజి (నల్ల జీలకర్ర). మన పోపుల డబ్బాలో లేనిది మహా అయితే కలోంజి, అది లేకపోయినా ఆ రోజుకి ఏమీ కాదు. కానీ దింపాక పైన చల్లే వేయించిన జీలకర్ర, ఎండుమిర్చి పొడి మాత్రం మానొద్దు, దాల్మా రుచంతా అందులోనే ఉంది. ఓ గుప్పెడు పచ్చికొబ్బరి కోరు వేస్తే ఇంకా బాగుంటుంది.

ఇంకో సౌకర్యం ఏంటంటే దీంట్లో చింతపండు లేదు. పులుపు ముందే పడితే పప్పు మెత్తబడటం ఆలస్యమవుతుంది, ఎందుకంటే గింజ కణాల గోడల్ని పట్టి ఉంచే పెక్టిన్ పులుపులో త్వరగా కరగదు. కుక్కర్ పాడైందని, పప్పు పాతదని తిట్టుకునేవాళ్ళు చాలామంది చేసేది టమాటాలు, పులుసు మొదట్లోనే వేసేయడం. పప్పు ఉడికాకే వేయండి, సాంబారుకైనా సరే.

అపోహ: అసలు రుచి రాకపోతే చేయడం దండగ.

నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. ప్రతి వంటలో మార్చకూడనిది ఒకటో రెండో ఉంటాయి, మిగతాదంతా మీ ఇంటి ఇష్టం. ఆ ఒకటీ ఏదో తెలియాలంటే స్నేహితుల్ని రెసిపీ అడగొద్దు. "బాగా అలిసిపోయిన రోజు మీ ఇంట్లో ఏం వండుకుంటారు?" అని అడగండి, కుదిరితే వాళ్ళు వండుతున్నప్పుడు పక్కన నిలబడి చూడండి. రెసిపీ అడిగితే పండగ వంట చెప్తారు, మర్యాద కోసం మసాలాలు కూడా కలుపుతారు. అలిసిపోయిన రోజు వంట అడిగితే ఐదు వస్తువులు చెప్పి ఆగిపోతారు.

బెంగాలీ ఇళ్ళల్లో రోజువారీ చేపల ఝోల్ అలాంటిదే. కోల్‌కతాకి మన కొల్లేరు, కైకలూరు, భీమవరం చుట్టుపక్కల చెరువుల్లోంచి చేపలు లారీల కొద్దీ వెళ్తాయి. చేప మనదే, మనం చేసేది పులుసు, వాళ్ళు చేసేది ఝోల్. శీలావతి (రోహు) ముక్కలకి ఉప్పు, పసుపు పట్టించి ఆవనూనెలో దోరగా వేయించి తీసేసి, అదే నూనెలో కలోంజి, చీల్చిన పచ్చిమిర్చి, పొడుగ్గా తరిగిన బంగాళదుంప వేసి ఓ నిమిషం తిప్పి, నీళ్ళు పోసి, దుంప ఉడికాక చేప ముక్కలు వదిలి ఇంకో ఐదారు నిమిషాలు ఉంచితే అయిపోయింది. అల్లం వెల్లుల్లి, ఉల్లిపాయ, చింతపండు, మసాలా ఏవీ లేవు. మార్చకూడనిది ఆవనూనె, దాన్ని సన్నగా పొగ వచ్చేదాకా కాచి, మంట తగ్గించాకే చేప వేయాలి, లేకపోతే ఘాటు ముక్కుకి పట్టేస్తుంది. చింతపండు పులుసుకి అలవాటు పడిన నోటికి మొదటి ముద్ద చప్పగా అనిపిస్తుంది. వేడన్నంలో పల్చగా కలుపుకుని తినండి, చేప రుచి చేపలా తెలుస్తుంది.

అపోహ: ఒక్క వంటతో భోజనం అవదు, రాత్రికీ పప్పు, కూర, చారు అన్నీ ఉండాలి.

గుజరాతీవాళ్ళు కిచిడీ, కఢీతో, మరాఠీవాళ్ళు పిఠ్లా, భాక్రీ (జొన్నరొట్టె లాంటిది)తో, పక్కన ఓ పచ్చి ఉల్లిపాయతో రాత్రి భోజనం ముగిస్తారు. పోషకాల లెక్క చూసినా లోటు లేదు. ప్రొటీన్‌లో ఉండే అమైనో ఆమ్లాల్లో, బియ్యంలో తక్కువుండే లైసిన్ పప్పుల్లో ఉంది, పప్పుల్లో తక్కువుండే మెథియొనిన్ బియ్యంలో ఉంది. దాల్మా, అన్నం, ఓ గిన్నెడు పెరుగు ఉంటే ఇంకేం కావాలి?

పిఠ్లా ఇంకా తేలిక. అరకప్పు శనగపిండిని రెండు కప్పుల చన్నీళ్ళలో ఉండల్లేకుండా కలిపి పెట్టుకోవాలి. ఆవాలు, జీలకర్ర, దంచిన వెల్లుల్లి, పచ్చిమిర్చి, ఉల్లిపాయ, పసుపుతో తాలింపు వేసి, ఆ నీళ్ళు పోసి చిక్కబడేదాకా గరిటె తిప్పుతూనే ఉండి, ఉప్పు వేసి, సన్నటి సెగ మీద మూతపెట్టి పచ్చివాసన పోనివ్వాలి. మొత్తం ఇరవై నిమిషాలు. తెలంగాణ ఇళ్ళల్లో జొన్నరొట్టె ఎలాగూ ఉంటుంది, దానికి ఇంతకన్నా మంచి జత నాకు తెలియదు. రొట్టె చేసే ఓపిక లేకపోతే అన్నంలోకి కూడా బాగుంటుంది.

అపోహ: కొబ్బరిపాల వంటలు విరిగిపోతాయి, మనకి కుదరవు.

కేరళ ఇష్టూనే చూడండి, దానికి రెండు రకాల పాలు ఉంటాయి, అంతే. రెండోసారి పిండిన పల్చటి పాలలో బంగాళదుంప, క్యారెట్, అల్లం, పచ్చిమిర్చి, మిరియాలు, లవంగం, చెక్క వేసి ఉడికించండి. మొదటిసారి పిండిన చిక్కటి పాలు ఆఖర్న పోసి, మరగనివ్వకుండా వేడెక్కగానే ఆపేయండి. ప్యాకెట్ కొబ్బరిపాలైనా పర్వాలేదు, సగం తీసి నీళ్ళు కలిపితే అవే పల్చటి పాలు. పైన కొబ్బరినూనె, కరివేపాకు. అక్కడ ఎక్కువగా పొద్దున అప్పంతో తింటారు, మనం రాత్రి దోసెతో తింటే తప్పేం లేదు.

అపోహ: రాజ్మా నానకపోయినా స్లో కుక్కర్‌లో పడేస్తే అదే ఉడుకుతుంది.

ఇది ప్రమాదం. అమెరికాలో ఉండే మనవాళ్ళు మరీ గుర్తుపెట్టుకోండి, ఆ ఇళ్ళల్లో స్లో కుక్కర్ వాడకం ఎక్కువ. పచ్చి రాజ్మాలో ఫైటోహీమగ్లుటినిన్ అనే విషపదార్థం ఉంటుంది. సరిగా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు. స్లో కుక్కర్ వేడి దాన్ని పోగొట్టడానికి చాలకపోవచ్చు, పైగా 80 డిగ్రీల దగ్గర సగం ఉడికిన గింజ పచ్చిదానికన్నా ఎక్కువ హాని చేయగలదు. కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో 30 నిమిషాలు తెర్లనివ్వండి, లేదా ప్రెషర్ కుక్కర్‌లో గింజ వేళ్ళ మధ్య నలిగేంత మెత్తగా ఉడికించండి. నానబెట్టడం మర్చిపోయారా, ఆ రాత్రికి పిఠ్లా చేసుకోండి.

అపోహ: ఇవన్నీ తినిపిస్తే పిల్లలు మన వంట మర్చిపోతారు.

ఈ మాట ఎక్కువగా పెద్దవాళ్ళు అంటారు, ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ మన గుంటూరు మిరప కూడా అమెరికా ఖండాల పంటే, 1498 తర్వాత పోర్చుగీసువాళ్ళ ఓడల్లో మనదేశానికి చేరింది. అంతకుముందు మన ఇళ్ళల్లో కారానికి మిరియాలు ఉండేవి. టమాటా, బంగాళదుంప కూడా అలా వచ్చినవే, పూరీ జగన్నాథుడి గుళ్ళో మహాప్రసాదానికి ఇప్పటికీ ఆ రెండూ వాడరు. బయట నుంచి వచ్చిన మిరపతో ఆవకాయ పెట్టుకుని దాన్ని మన గుర్తుగా చేసుకున్నవాళ్ళం, పక్క రాష్ట్రం పప్పుకి ఎందుకు భయపడాలి? పిల్లల సంగతికొస్తే, కొత్త వంట పెట్టిన రోజు కంచంలో వాళ్ళకి తెలిసింది ఒకటి, అప్పడమో పెరుగన్నమో తప్పకుండా ఉంచండి, కొత్తది కొంచెమే పెట్టండి, తినమని వెంటపడొద్దు.

అపోహ: నూడుల్స్ అంటే సాసు సీసాలు లేకుండా కుదరదు.

చెన్నైలో బర్మా నుంచి తిరిగొచ్చిన కుటుంబాలు అమ్మే అత్తో తిని చూడండి. ఉడికించి చల్లార్చిన నూడుల్స్‌లో సన్నగా తరిగిన క్యాబేజీ, వేయించిన ఉల్లిపాయలు, వెల్లుల్లి కాచిన నూనె, చింతపండు రసం, కారం, ఉప్పు వేసి చేత్తో కలుపుతారు. ఒక్క సీసా కూడా అక్కర్లేదు.

అపోహ: మిగిలిన అన్నాన్ని రాత్రంతా బయట ఉంచినా, పొద్దున బాగా వేడి చేస్తే సరిపోతుంది.

ఫ్రైడ్ రైస్ లాంటి వాటికి చల్లటి అన్నమే బాగుంటుంది కాబట్టి ఇది చెప్పాలి. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు అన్నం ఉడికినా చావవు. గది వేడిలో అవి పెరిగి వదిలే విషాల్లో వాంతులు తెప్పించేది ఎంత వేడి చేసినా పోదు. మిగిలిన అన్నాన్ని పళ్ళెంలో పల్చగా పరిచి ఆరనిచ్చి, 2 గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయండి, మర్నాడే వాడేయండి. మజ్జిగలో పులియబెట్టే చద్దన్నం సంగతి వేరు, అక్కడ పులుపు కాపలా కాస్తుంది. రాత్రి హడావుడిలో అన్నం గిన్నె గట్టు మీదే మర్చిపోతే మాత్రం, ఎంత మిగిలినా సరే, పొద్దున పారేయండి.