సీనియర్ ప్రొఫెసర్ పోస్టుకి వంద పరిశోధన పేపర్లు ఉండాలా?

వలసల మీద పరిశోధించే కేంద్రాన్ని నడిపించడానికి సీనియర్ ప్రొఫెసర్ కావాలని ప్రకటన పడితే చాలు, ఆ వారమంతా నాకు ఫోన్లే. ఇలాంటి ఎంపికల్లో సబ్జెక్ట్ ఎక్స్‌పర్ట్‌గా చాలాసార్లు కూర్చున్నాను కాబట్టి అడుగుతారు. అందరి భయమూ ఒకటే: "సార్, నావి 40 పేపర్లే. వంద దాటినవాళ్ల ముందు నిలబడతానా?"

అపోహ: పేపర్లు ఎన్ని ఎక్కువుంటే అంత గట్టి అభ్యర్థి.

వాస్తవం: 2018 యూజీసీ నిబంధనలు సీనియర్ ప్రొఫెసర్‌కి అడిగేది 10 మంచి పేపర్లు. ప్రొఫెసర్‌గా పదేళ్ల అనుభవం ఉండాలి, గత పదేళ్లలో మీ దగ్గర కనీసం ఇద్దరికి పీహెచ్‌డీ వచ్చి ఉండాలి. ముగ్గురు నిపుణుల రివ్యూ అనుకూలంగా రావాలి. ఆ తర్వాత కమిటీతో ముఖాముఖి. పేపర్లు, పుస్తకాల్లాంటి వాటికి పాయింట్లు వేసి కూడే 120 రీసెర్చ్ స్కోరు అనేది, దీనికింది మెట్టైన ప్రొఫెసర్ పోస్టు లెక్క. దాన్ని ఇక్కడికి తెచ్చి భయపడకండి, భయపెట్టకండి.

ఒకసారి ఒకాయన మూడు లావుపాటి స్పైరల్ బైండింగులు తెచ్చారు. తిరగేస్తే సగం సెమినార్ సర్టిఫికెట్ల జిరాక్సులు. మూడో దాని మధ్యలో, గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన కరీంనగర్ కార్మికుల అప్పుల మీద రాసిన పేపరు కనిపించింది. ఊరూరా తిరిగి చేసిన పని. రివ్యూకి పంపిన పదింటిలో అది లేదు! ఎందుకు పెట్టలేదని అడిగితే, "చిన్న పేపర్ కదా సార్" అన్నారు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

అదే రోజు 30కి కాస్త పైన పేపర్లున్న ఒకావిడ వచ్చారు. "జనవరిలో పాలమూరు పల్లెకు వెళ్తే జనం వలస పోయి ఇళ్లకు తాళాలుంటాయి, సర్వే ఎలా చేస్తారు?" అని అడిగాను. "తాళాలున్నప్పుడే ఒకసారి వెళ్లి, ఇంట్లో మిగిలిన ముసలివాళ్లతో మాట్లాడతాను. తొలకరికి అందరూ తిరిగొచ్చాక అవే ఇళ్లకు మళ్లీ వెళ్తాను" అన్నారు. కేంద్రాన్ని నడిపేవాళ్ల దగ్గర మేం వెతికేది ఇదే. తిరువనంతపురంలోని పరిశోధన సంస్థ సీడీఎస్ (సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్)లో 1998లో మొదలైన కేరళ వలస సర్వే ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ జరిగింది. అలాంటి పనికి నిధులు తేవాలి, ఫీల్డ్ టీమును నిలబెట్టుకోవాలి.

డెమోగ్రఫీ (జనాభా అధ్యయనం) వాళ్లకే ఇస్తారా? కాదు. ఎకనామిక్స్, సోషియాలజీ, జాగ్రఫీ వాళ్లూ ఈ రంగంలో ఉన్నారు. ప్రకటనలో అర్హత సబ్జెక్టుల వరుస చదవండి.

సీనియర్ ప్రొఫెసర్, కేంద్రం డైరెక్టర్ ఒకటేనా? మొదటిది కేడర్, రెండోది బాధ్యత. రెండూ కలిపి ఇస్తున్నారో లేదో, డైరెక్టర్‌గా ఎన్నేళ్లో ముందే అడగండి.

"ముందే ఫిక్స్ అయిపోయిందట." ఈ మాట ప్రతి నోటిఫికేషన్‌కీ వింటాను. అన్నవాళ్లని ఆధారం అడిగితే ఒక్కరూ చూపించరు. అనుమానముంటే ఆర్టీఐ వేయండి, అప్లై చేయడం మాత్రం మానకండి.

టెన్షన్ పడుతున్నవాళ్లు ఈ రాత్రికి మీ 10 పేపర్లు విడిగా తీయండి. ఒక్కోదానికి ఏ ఊళ్లో చేశారు, ఏం తేలింది అని రెండు వాక్యాలు రాయండి. చిన్న పేపర్లను కూడా ఒకసారి తిరిగి చదివాకే ఏవి పంపాలో తేల్చుకోండి.