ఇంజిన్ అడ్డం తిరిగితే

విజయవాడ ఆటోనగర్‌లో పాత అంబాసిడర్, పాత మారుతి 800 పక్కపక్కన కనిపిస్తే రెండింటి బానెట్లూ ఎత్తించి చూడండి. ఇంజిన్ అంబాసిడర్‌లో నిలువుగా, కారు పొడవు వెంట ఉంటుంది. మారుతిలో అడ్డంగా ఉంటుంది. ఈ రెండు కార్ల మధ్య నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచే తేడా ఇదే.

అంబాసిడర్‌కు మూలం బ్రిటన్‌లో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. 1489 సీసీ ఇంజిన్ ముందుంటే, బండిని తోసేవి వెనక చక్రాలు. ఇంజిన్ శక్తి ప్రొపెల్లర్ షాఫ్ట్ అనే పొడవాటి కడ్డీ గుండా వెనక్కి వెళ్లి, వెనక ఇరుసు మధ్యనుండే గేర్ల పెట్టె (డిఫరెన్షియల్) దగ్గర 90 డిగ్రీలు మళ్లాలి. అక్కడ క్రౌన్, పినియన్ అనే గేర్ల పళ్లు ఒకదానిపై ఒకటి జారుతూ తిరుగుతాయి గనుక కొంత శక్తి వేడిగా పోతుంది.

1983 డిసెంబరులో వచ్చిన మారుతిది 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజిన్. అది అడ్డంగా ఉండటంతో క్రాంక్‌షాఫ్ట్ (ఇంజిన్ లోపల తిరిగే ప్రధాన కడ్డీ), ముందు చక్రాల ఇరుసు ఒకే దిశలో ఉంటాయి. శక్తి మళ్లక్కర్లేదు, పొడవాటి షాఫ్టూ అక్కర్లేదు. అంబాసిడర్ పొడవు 4.3 మీటర్లు. మారుతి 3.3 మీటర్లలోనే నలుగురిని కూర్చోబెట్టుకుంది, బరువు కూడా బాగా తగ్గింది. విశేషమేమిటంటే, ఆక్స్‌ఫర్డ్‌ను తయారుచేసిన బ్రిటిష్ మోటార్ కార్పొరేషనే 1959లో మినీ కారులో ఇంజిన్‌ను అడ్డంగా పెట్టింది. అంబాసిడర్ మాత్రం 2014లో ఆగిపోయేదాకా పాత అమరికనే నమ్ముకుంది.

మన ఊరి ఎండలో ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. మే నెల మధ్యాహ్నం బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారనుకోండి. ముందుకు కదలని బండికి ఎదురుగాలి ఉండదు, రేడియేటర్‌కు ఫ్యానే దిక్కు. అంబాసిడర్ ఫ్యాన్ ఇంజిన్ బెల్టుతో తిరిగేది. ఐడ్లింగ్‌లో, అంటే బండి ఆగి ఇంజిన్ మాత్రం నడుస్తున్నప్పుడు, ఇంజిన్ నెమ్మదిస్తే ఫ్యానూ నెమ్మదిస్తుంది, అదీ గాలి అన్నిటికన్నా ఎక్కువ అవసరమైన వేళ. పాత డ్రైవర్లు ఆగిన చోటే కాస్త ఎక్సలేటర్ తొక్కి ఉంచేవారంటే అందులో మంచి భౌతికశాస్త్రం ఉంది. ఇంజిన్ అడ్డం తిరిగాక దాని బెల్టు వైపు పక్కకు పోయింది, రేడియేటర్ ముందే ఉండిపోయింది. ఆ ఫ్యాన్‌ను బెల్టుతో తిప్పడం కష్టం. అందుకే మారుతిలో కరెంటు ఫ్యాన్ పెట్టారు. ఇంజిన్ వేగంతో పని లేకుండా, నీళ్లు తగినంత వేడెక్కగానే అది తిరుగుతుంది. (ఏ కారైనా సరే, ఇంజిన్ వేడిమీద ఉండగా రేడియేటర్ మూత తీయొద్దు. ఒత్తిడి వల్ల లోపలి నీరు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది, మూత తీస్తే ఒక్కసారిగా ఎగజిమ్ముతుంది.)

ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు మీద మాత్రం పాత అమరికకు ఒక మేలుంది. ఎత్తు ఎక్కేటప్పుడు బరువు వెనక చక్రాల మీదికి మొగ్గుతుంది. వెనక సీటు నిండితే ఇంకా ఎక్కువ. అంబాసిడర్‌ను తోసే చక్రాలు అవే కాబట్టి వాటి పట్టు పెరుగుతుంది. మారుతిలో లాగే ముందు చక్రాలపై భారం అప్పుడే తగ్గుతుంది. వానకు రోడ్డు తడిసి ఉంటే, గట్టిగా తొక్కినప్పుడు ముందుగా జారేవి అవే.